పూర్ణం తీసిన సీటు

ఎతో చిగుస పెద్ద మోటారు సైకిలు లైసెన్సు పరీక్షకు పదమూడుసార్లు వెళ్లి పదమూడుసార్లూ తప్పింది. పద్నాలుగోసారి నెగ్గింది. అప్పటికి ఆమెకు ముప్పై అయిదేళ్లు. ఎత్తు నూట నలభై తొమ్మిది సెంటీమీటర్లు. తాకేతాలో ఊరి బడులన్నిటికీ మధ్యాహ్న భోజనం వండి పంపే వంటశాల ఉంది, అందులో పని. పద్దెనిమిదో ఏటి నుంచీ అన్నం తపేలాలు ఎత్తి దించిన భుజాలు గనక, పరీక్షలో మొదటి ఘట్టం ఆమెకు ఎన్నడూ కష్టం కాలేదు. పక్కకు పడుకోబెట్టిన ఏడువందల యాభై సీసీ బండిని ఒంటరిగా లేపి నిలబెట్టాలి. ఆరడుగుల కుర్రాళ్లు రొప్పుతూ లేపే బండిని ఆమె మోకాలు ఆనించి ఒక్క ఊపులో లేపేసేది. చిక్కంతా ఆ తర్వాతే. ఎక్కి కూర్చుంటే కాళ్లు గాల్లో వేలాడేవి. ఆగమన్న చోట ఆగి కాలు దించబోతే నేల అందేది కాదు. బండి ఒరిగేది. పరీక్షాధికారి కాగితం మీద అడ్డగీత కొట్టేవాడు.

తొమ్మిదోసారి తప్పినప్పుడు ఆయన జాలిపడ్డాడు. "ఒక మాట చెబుతాను, కోపం తెచ్చుకోకండి. చిన్న బళ్లు బోలెడున్నాయి. మీలాంటోళ్ల కోసమే చేస్తారవి."

"నాలాంటోళ్లంటే?"

"అదే... కొంచెం పొదుపుగా ఉండేవాళ్లు."

"వచ్చే నెల మళ్లీ వస్తానండి," అని వంగి నమస్కరించి వచ్చేసింది.

ఇంటి దగ్గర తల్లి ఊరుకునేది కాదు. "నిన్ను చేసినప్పుడు దేవుడి దగ్గర కాళ్లకి మట్టి తక్కువైంది. ఆ మిగిలిన చోటంతా మొండితనంతో పూడ్చాడు," అనేది. చిగుసకు ఆ మాట నిజమేననిపించేది. బడిలో ఉన్నప్పుడు ఏ ఫొటో తీసినా ఆమెది ముందు వరసే. వంటశాలలో ఆమె కోసం ఒక చెక్కపీట వేసి ఉంచేవారు. ఎక్కడికి వెళ్లినా ముందుగా ఎదుటివాళ్ల చూపు కిందికి దిగడం ఆమెకు కనిపించేది. ఇరవై ఆరో ఏట తోటి ఉద్యోగి ఒకావిడ చిన్న బండి ఇస్తే, దాని మీద కుజూ కనుమ దాకా వెళ్లింది. దారిలో ఎదురొచ్చిన పెద్ద బళ్లవాళ్లు చెయ్యెత్తి పలకరించారు. వాళ్లకి ఆమె పొట్టో పొడుగో తెలియదు. హెల్మెట్, జాకెట్, వేగం, అంతే. బండి కదులుతున్నంతసేపూ ఆమె అందరి ఎత్తే ఉంది.

పెద్ద బండే నడపాలని ఆ రోజే నిశ్చయించుకుంది. బండి కదలడానికి కాళ్లు అక్కర్లేదు, ఆగడానికే కావాలి. కాబట్టి ఆగడం నేర్చుకుంటే చాలు. పిరుదుల్ని సీటు అంచుకు జరిపి, నడుము వంచి, ఒక్క ఎడమకాలి బొటనవేలితో రెండువందల నలభై కిలోల బండిని ఆపే విద్య పదమూడు ఓటములు నేర్పాయి.

లైసెన్సు వచ్చిన వారానికే ఆమె కుదో దుకాణంలో అడుగుపెట్టింది. కుదోకి అప్పటికి నలభై అయిదు దాటాయి. ఊరి చివర, నదికి ఇవతల, తండ్రి పెట్టిన సైకిలు దుకాణాన్నే మోటారు సైకిళ్ల దుకాణం చేసుకున్నాడు. మాట తక్కువ, వేళాకోళం ఎక్కువ. ఆయన భార్య సుమీ లోపలి గదిలో కుట్టుమిషను మీద సీట్ల తోలు కుట్టేది. ఊళ్లో అందరూ ఆయన్ని మేస్త్రీ అనే పిలిచేవారు.

దుకాణం మధ్యలో ముదురు ఎరుపు రంగులో ఒక ఏడువందల యాభై నిలబడి ఉంది, నాలుగు సిలిండర్లది. చిగుస చుట్టూ ఒకసారి తిరిగింది.

"ఎక్కు," అన్నాడు కుదో.

ఎక్కింది. ఆయన నేల మీద బోర్లా పడుకుని, ఆమె బూటు కిందకి పాత పత్రికలు ఒక్కొక్కటే మడిచి దూర్చాడు. ఆమె కాలికి ఆనేదాకా దూర్చి, ఆ దొంతర కొలిచాడు.

"అయిదు సెంటీమీటర్లు. నీ కాళ్లు పెరుగుతాయా?"

"ముప్పై అయిదేళ్లొచ్చాయి మేస్త్రీగారూ."

"అయితే బండే తగ్గాలి. దీని పూర్ణం తీసేస్తాను."

సీటులోపలి స్పాంజిని చెక్కి పల్చన చేయడాన్ని అక్కడి బండ్లవాళ్లందరూ అనే మాటే అది. బూరె పైతొక్క అలాగే ఉంటుంది, లోపలి పూర్ణం పోతుంది.

"ముందే చెబుతున్నా," అన్నాడు కుదో లేచి మోకాళ్లు దులుపుకుంటూ. "పూర్ణం ఉన్నది ఊరికే కాదు. అది పోతే దారిలోని రాయీ రప్పా నీ ఎముకలతోటే మాట్లాడతాయి. తర్వాత నన్నని లాభం లేదు."

"మాట్లాడనీండి. వింటాను."

మూడు రోజులు పట్టింది. తోలు ఒలిచి, స్పాంజిని గుండ్రటి రంపపు బిళ్లతో కొంచెం కొంచెంగా చెక్కుతూ, ఆమెను ఎక్కించి దించుతూ, మళ్లీ చెక్కుతూ. రెండు పక్కలా అంచులు కూడా కోసేశాడు, తొడలు తెరుచుకోకుండా కాళ్లు తిన్నగా కిందికి దిగాలని. సుమీ కొత్త తోలు కుట్టి తొడిగింది. చివరిసారి ఎక్కినప్పుడు చిగుస రెండు బూట్ల మునివేళ్లూ ఒకేసారి సిమెంటు నేలను తాకాయి. ఆమె అలాగే కూర్చుండిపోయింది. తల దించుకుని తన బూట్లనే చూస్తూ ఉంటే, కుదో పని ఉన్నట్టు లోపలికి వెళ్లిపోయాడు.

ఆ తర్వాత పదిహేడేళ్లు బాగా గడిచాయి. పెళ్లి చేసుకోలేదు. అడిగినవాళ్లు లేకపోలేదు, కానీ ఒకాయన పెళ్లయ్యాక బండి తీసేయాలన్నాడు, ఇంకొకాయన తన ఎత్తు గురించే బాధపడ్డాడు. వారానికి అయిదు రోజులు వంటశాల, ఆదివారం బండి. మార్చిలో కొత్త గడ్డి మొలవాలని ఆసో గడ్డి మైదానాలు తగలబెట్టిన తర్వాత నల్లటి కొండల మధ్య నుంచి, మే నెలలో అదే కొండలు పచ్చబడ్డాక, అక్టోబరులో రెల్లు తెల్లబడ్డాక, ఏటా అవే దారులు. ఆ చుట్టుపక్కల యాభై అరవై కిలోమీటర్లలో ఏ ఎర్రదీపం దగ్గర కాలు ఆనించడానికి గట్టు ఉందో, ఎక్కడ రోడ్డు ఎడమకి వాలి మోసం చేస్తుందో, ఏ టీ దుకాణం ముందు కంకర పోశారో ఆమెకు కంఠతా వచ్చు. మిగతావాళ్లు దారిని చూసి గుర్తుపెట్టుకుంటారు. ఆమె ఆగే చోట్లు గుర్తుపెట్టుకుంది.

తల్లి పోయింది ఆ రోజుల్లోనే. మంచాన పడ్డాక ఒకరోజు, "నీ బండి చప్పుడు వంతెన దగ్గర మొదలైతే నాకు తెలుస్తుంది. పులుసు వెచ్చబెట్టమని చెబుతాను," అంది. చెప్పడానికి ఇంట్లో ఇంకెవరూ లేరు. చిగుసే వచ్చి వెచ్చబెట్టుకునేది.

యాభై రెండో ఏట ఎడమ తుంటిలో నొప్పి మొదలైంది. ముందు వంటశాల తడినేల అనుకుంది. తర్వాత చలి అనుకుంది. కుంటడం మొదలయ్యాక ఓయితా నగరంలో పెద్ద డాక్టరు దగ్గరికి వెళ్లింది. ఆయన ఎక్స్‌రే వెలుతురు బల్ల మీద పెట్టి వేలుతో చూపించాడు.

"పుట్టినప్పటి నుంచే మీ తుంటి గిన్నెకి లోతు తక్కువ. మన ఆడవాళ్లలో చాలామందికి ఉంటుంది. గిన్నె లోతు లేకపోతే బరువంతా అంచు మీద పడుతుంది. ఇన్నేళ్లకి అరిగిపోయింది. ఎడమకాలు ఒక సెంటీమీటరు పొట్టిబడింది కూడా."

"ఇంకా పొట్టిబడుతుందా?"

"పడుతుంది. కృత్రిమ కీలు వేయించుకుంటే నొప్పి పోతుంది, పొడవూ తిరిగి వస్తుంది. కాకపోతే..." ఆయన ఆమె కుర్చీ పక్కనున్న హెల్మెట్ వంక చూశాడు. "ఆ తర్వాత అది మాత్రం వద్దు. కాళ్లు అంత వెడల్పుగా చాపకూడదు, పడకూడదు. పడ్డారంటే కీలు ఊడొస్తుంది, చుట్టూ ఎముక చీలుతుంది. అప్పుడు మళ్లీ నడిపించడం నా వల్ల కాదు."

చిగుస ఆలోచించుకుని చెబుతానంది. ఆలోచించడానికేమీ లేదు. కీలు వేయించుకుంటే కాలు అందుతుంది, బండి ఉండదు. వేయించుకోకపోతే బండి ఉంటుంది, కాలు అందదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. కీలు మాట పక్కనబెట్టి ఆమె నూతినే ఎంచుకుంది, కనీసం అందులోకి దిగడం మెల్లగా ఉంటుందని.

కుదో దుకాణానికి వెళ్లి, ఎక్కి కూర్చుని, "కొలవండి," అంది.

ఆయన పత్రికలు దూర్చాడు. "ఎడమ పక్క ఒకటింబావు. ఏమైంది?"

చెప్పింది. కుదో పానాల పెట్టె తెరిచాడు. వెనక షాక్ అబ్జార్బర్లు పొట్టివి వేశాడు. బండి వెనక్కి కూలబడ్డట్టయింది. కాలు అందింది.

మూడేళ్లకి మళ్లీ వచ్చింది. ఈసారి ముందు ఫోర్కు గొట్టాలను పైకి తోసి ముక్కు దించాడు. దించేసరికి పక్క స్టాండు పొడవెక్కువై, ఆపితే బండి అవతలికి పడబోయింది. స్టాండు కోసి, మధ్యలో ముక్క తీసేసి, మళ్లీ అతికాడు. అతుకు మీద రంగు వేస్తూ, "కుడికాలు దించి చూడొచ్చుగా," అన్నాడు.

"చూశాను. కుడికాలు దించాలంటే ఒళ్లంతా ఎడమ తుంటి మీదే తిరగాలి. కళ్లల్లోంచి నీళ్లొచ్చేశాయి."

"డాక్టరేమంటున్నాడు?"

"ఏడాదికోసారి అదే పాట."

"ఆయన పాట బాగానే ఉందేమో, ఒకసారి వినరాదూ?" లోపలి నుంచి సుమీ కేకేసింది. "మనుషులు బళ్లు లేకుండా కూడా బతుకుతున్నారమ్మాయ్. నన్ను చూడు, మోటారు దుకాణంలో ముప్పై ఏళ్లుగా ఉన్నా, సైకిలైనా తొక్కను."

"మీకు నడవడమన్నా వచ్చుగా వదినగారూ," అంది చిగుస. ముగ్గురూ నవ్వారు.

యాభై ఎనిమిదో ఏట కుదో ఆమె ఎడమ బూటు అడుగున రబ్బరు పొరలు అతికించాడు. చిగుస దాన్ని ఇంటి దగ్గర కూడా వేసుకోవడం మొదలుపెట్టింది. అది వేసుకుంటే కుంటు కనిపించేది కాదు. కానీ మందపాటి అడుగు వల్ల గేరు పెడలు తెలిసేది కాదు. మొదటి గేరో రెండోదో అర్థంకాక, కొన్నిసార్లు కూడలిలో బండి ఆగిపోయేది. అదీకాక, బండి ఇప్పుడు భూమికి బాగా దగ్గరైంది. మలుపులో కొంచెం ఒరిగినా పాదం ఆనించుకునే కమ్మీ రోడ్డును గీరేది. నిప్పురవ్వలు లేచేవి. ఒకప్పుడు ఒరిగి దూసుకుపోయిన మలుపుల్ని ఇప్పుడు బుద్ధిగా, నిటారుగా, ముసలమ్మ వంతెన దాటినట్టు దాటేది. వెనకనుంచి కుర్రాళ్లు హారన్ కొట్టి దాటుకుపోయేవారు. ఎదురొచ్చేవాళ్లు చెయ్యెత్తేవారు గానీ, తిరిగి చెయ్యెత్తేలోపు వాళ్లు వెళ్లిపోయేవారు.

అరవై ఒకటో ఏట ఏప్రిల్‌లో పడింది.

పడడానికి పెద్ద కారణమేమీ లేదు. కుజూ దిగువన రోడ్డు పక్క కూరగాయల సంత ఒకటి ఉంది. ఇరవై ఏళ్లుగా ఆగే చోటే. ఆ నెలలోనే దాని ముందు కొత్తగా తారు వేశారు. పాతదాన్ని గీకి వేయడంతో నేల రెండు వేళ్లంత కిందికి దిగింది. ఆమె ఆగి ఎడమకాలు దించింది. నేల ఉండవలసిన చోట లేదు. బండి మెల్లగా, ఎంతో మర్యాదగా ఒరిగి పడిపోయింది. ఆమె కూడా దాంతోపాటే.

దెబ్బలు తగల్లేదు. లేచింది. మోకాలు ఆనించి, హ్యాండిలు పట్టుకుని, ఒక్క ఊపు ఊపింది. బండి కదల్లేదు. మళ్లీ ఊపింది. తుంటిలో ఏదో కలుక్కుమని ఒళ్లంతా చెమట పట్టింది. మూడోసారి ప్రయత్నించలేదు. పెట్రోలు కారుతుంటే చూస్తూ నిలబడింది.

సంతలోంచి ఇద్దరు కుర్రాళ్లు పరిగెత్తుకొచ్చి అటొకరు ఇటొకరు పట్టి లేపేశారు. వాళ్లకది ఒక పనే కాదు. "దెబ్బ తగల్లేదుగా అమ్మమ్మా? పక్కకి జరగండి, పెట్రోలు కారుతోంది," అన్నాడు ఒకడు. రెండోవాడు అటూ ఇటూ చూశాడు. "దీని తాలూకు ఆయన ఎక్కడున్నాడు? లోపలున్నాడా? పిలవమంటారా?"

హెల్మెట్ ఆమె తల మీదే ఉంది. అయినా వాడి కంటికి కనిపించలేదు.

"ఆయన వస్తాడు లెండి," అంది చిగుస. "మీరు వెళ్లండి. చాలా థాంక్స్."

వాళ్లు కనుమరుగయ్యేదాకా ఆగి, బండిని గట్టు పక్కకు నడిపించి, గట్టెక్కి, అక్కడ నుంచి ఎక్కి కూర్చుంది. ఇంటికి పోలేదు. తిన్నగా కుదో దుకాణానికి వచ్చింది.

కుదోకి డెబ్బై దాటాయి. చేతులు వణుకుతున్నాయని పెద్ద పనులు మానేశాడు. అయినా బండి చప్పుడు విని బయటికి వచ్చాడు.

"ఇంకో రెండు సెంటీమీటర్లు దించాలి మేస్త్రీగారూ."

ఆయన ఆమెను దిగమని, బండి పక్కన కూర్చున్నాడు. కింద పొగగొట్టం పొట్ట చూపించాడు. రాసుకుని రాసుకుని ఇనుము తెల్లగా, కాగితంలా పల్చబడి ఉంది. పాదం ఆనించే కమ్మీ చివర సగం అరిగిపోయింది.

"చూడు. వెనక దించాను. ముందు దించాను. స్టాండు కోశాను. బూటు పెంచాను. ఇంకా దించడానికి ఎక్కడుంది? ఇంకా దించితే భూమిలోకే."

"సీటుంది."

"సీటులో ఏముందే? రెండు వేళ్ల స్పాంజి."

"అదీ తీసేయండి."

"తియ్యను."

పాతికేళ్లకు పైగా పరిచయంలో ఆయన నోట ఆ మాట రావడం అదే మొదలు. చిగుస నిలబడి ఉంది. ఆయన చేతిలో పాత గుడ్డ ఉంది. దాన్ని మడిచి, విప్పి, మళ్లీ మడిచాడు.

"ఇప్పుడు మూడు చక్రాల బళ్లొచ్చాయి. ముందు రెండు, వెనక ఒకటి. ఒరగవు, పడవు. కావాలంటే తెప్పించి చూపిస్తా."

"మూడు చక్రాలు నాకు అయిదేళ్లప్పుడు ఉండేవి. దానికి గంట కూడా ఉండేది."

"ఎగతాళి కాదు చిగుసా."

"నేనూ ఎగతాళి చెయ్యడం లేదు."

కుదో గుడ్డ కింద పడేశాడు. "నేను అప్పుడే చెప్పాను, పూర్ణం ఊరికే ఉండదని. చెప్పి కూడా తీశాను. నువ్వు అడిగావు కదా అని, నీ మొహం చూసి తీశాను. ఇన్నేళ్లూ ఆ దారులన్నీ నీ తుంటి మీదే పడ్డాయి. రాత్రిళ్లు నిద్ర పట్టనప్పుడు అదే తలుచుకుంటున్నాను. నీ కాలు అరగదీసింది నేనే."

చిగుస ఆయన ఇలా మాట్లాడగా ఎన్నడూ వినలేదు. "డాక్టరు చెప్పాడు కదా, పుట్టుకతో వచ్చింది. మా అమ్మ ఇచ్చింది. మీరేం ఇవ్వలేదు," అంది.

"డాక్టరుకి నేను చెక్కిన సీటు తెలియదు."

"తెలుసు. నేను అడిగాను. సంబంధం లేదన్నాడు."

అది అబద్ధం. ఆమె ఎప్పుడూ అడగలేదు. అడిగితే ఏం చెబుతాడోనని భయం. కుదో ఆ అబద్ధాన్ని కనిపెట్టాడో లేదో తెలియదు గానీ, లేచి, సీటు విప్పి, లోపలికి తీసుకుపోయాడు.

వణికే చేతులతో చెక్కడానికి రెండు వారాలు పట్టింది. అడుగున ఉన్న గట్టి ప్లాస్టిక్ పళ్లెం, దాని మీద కంబళిగుడ్డ మందాన స్పాంజి, దాని మీద సుమీ కుట్టిన తోలు. అంతే మిగిలింది. చిగుస ఎక్కి కూర్చుంటే పలక మీద కూర్చున్నట్టుంది. ఎడమకాలు దించింది. బూటు కొస నేలను తాకింది.

"అందింది," అంది.

కుదో రంపపు బిళ్ల తుడిచి పెట్టెలో పెట్టాడు.

మే నెల మొదటి ఆదివారం పొద్దున్న అది. వంతెన దాటి కొండదారి ఎక్కింది. మొదటి అయిదు నిమిషాలూ పాత రోజులే. పదో నిమిషానికి రోడ్డు మీది ప్రతి అతుకూ తుంటిలో మేకు దిగినట్టు దిగడం మొదలుపెట్టింది. పళ్లు బిగించి, దేవదారు తోపు దాటి, లోయ కనిపించే మలుపు దాకా వెళ్లింది. ఆ పైన ఆసో వైపు కొండలు లేత పచ్చగా మెరుస్తున్నాయి. ఆగాలనుకుంది. ఆగితే మళ్లీ కదల్లేననిపించింది. ఆగకుండానే బండిని వెడల్పుగా తిప్పుకుని దిగి వచ్చేసింది. ఇరవై నిమిషాలు.

దుకాణం ముందు ఇంజను ఆపింది గానీ దిగలేదు. తుంటి బిగుసుకుపోయింది. కాలు సీటు మీద నుంచి తీయడానికి వీల్లేదు. అలాగే కూర్చుని, "మేస్త్రీగారూ," అని పిలిచింది.

కుదో, సుమీ ఇద్దరూ వచ్చారు. ఆయన చంకల కింద చేతులు వేశాడు, ఆవిడ కాలు పట్టుకుంది. "మెల్లగా, మెల్లగా, నేనున్నాగా," అంటూ సుమీ పసిపిల్లను గుర్రం మీద నుంచి దించినట్టు దించింది. లోపల చాప మీద పడుకోబెట్టి టీ ఇచ్చారు. చిగుస తాళంచెవి తీసి, టీ పళ్లెంలో పెట్టింది.

"ఎవరికైనా ఇచ్చేయండి. మంచి చేతులైతే చాలు."

అంత దించిన బండి ఎవరికీ పనికిరాదు. కుమమోతో నుంచి ఒకాయన వచ్చి చూసి, "పాత ఎత్తుకు తెస్తే తీసుకుంటాను," అన్నాడు. బాంకులో పని చేస్తాడట, మంచివాడే, ఆరడుగులు. వేసవి అంతా కుదో బండిని పెంచుతూ కూర్చున్నాడు. పొడవు షాక్ అబ్జార్బర్లు వెతికించి వేశాడు. ఫోర్కు దించి ముక్కు లేపాడు. కొత్త స్టాండు, కొత్త పొగగొట్టం. సీటుకి స్పాంజి పొరలు అంటించి ఉబ్బించాడు. సుమీ కళ్లజోడు పెట్టుకుని తోలు కుట్టింది.

బాంకు ఆయన బండి తీసుకెళ్లే రోజు చిగుస వచ్చింది. రాకుండా ఉండవలసింది. ఎండలో, తలుపు ముందు, ఎర్రబండి నిలబడి ఉంది. సీటు ఆమె తొడలు దాటి నడుము దగ్గరికి వచ్చింది. బండి ఇంత పెద్దదా అని ఆమెకు అప్పుడే తెలిసినట్టుంది.

"ఇరవై ఆరేళ్లు నడిపారట కదా," కొన్నాయన గౌరవంగా వంగాడు. "ఇంజను చప్పుడు వింటేనే తెలుస్తోంది, ఎంత బాగా చూసుకున్నారో. ఒక్కసారి కూర్చుంటారా? నేను పట్టుకుంటాను."

"వద్దండి. మీకు ఆలస్యమవుతుంది."

ఆయన ఎక్కి కూర్చున్నాడు. రెండు పాదాలూ మడమలతో సహా నేల మీద ఆనాయి, మోకాళ్లు కూడా కొంచెం వంగాయి. ఆయన అది గమనించను కూడా లేదు. వంతెన దాకా చప్పుడు వినిపించింది. తర్వాత నది చప్పుడు.

ఇక వాయిదా వేయడానికి కారణం మిగల్లేదు. ఫిబ్రవరిలో ఓయితా ఆసుపత్రిలో ఎడమ తుంటికి కృత్రిమ కీలు వేశారు. నొప్పి నిజంగానే పోయింది. నడక నేర్పే అమ్మాయి మూడో వారంలో ఆమెను పడుకోబెట్టి, టేపు పట్టి రెండు కాళ్లూ కొలిచింది.

"రెండూ సమానం ఎతోగారూ! మిల్లీమీటరు తేడా లేదు! సంతోషంగా లేదూ?"

"సంతోషమే," అంది చిగుస.

కుదో ఒక ఆదివారం మధ్యాహ్నం బస్సులో ఒక్కడే చూడడానికి వచ్చాడు. చేతిలో కమలాపండ్ల సంచి. ఊళ్లో పిచ్చాపాటీ చెప్పాడు; వేసవికి దుకాణం మూసేస్తున్నామన్నాడు, సుమీ చూపు బాగా తగ్గిందన్నాడు. పండు ఒలిచి తొనలు ఆమె చేతిలో పెట్టాడు.

"కాలు ఎంత పెరిగింది?"

"రెండున్నర."

ఆయన పెదాలు కదిలాయి. చిగుసకు తెలుసు, లెక్క వేస్తున్నాడు. సీటు, షాకులు, ఫోర్కు, బూటు. ఆ లెక్క ఆమె అప్పటికే ఎన్నోసార్లు వేసుకుంది.

"మొదట చెక్కిన సీటు ఒక్కటే చాలేది," అన్నాడు చివరికి. "మిగతావేవీ అక్కర్లేకపోయేవి."

"ఊఁ."

"నేల అందేది."

"అందేది."

బస్సు వేళయిందని ఆయన లేచాడు. చిగుస కర్ర పట్టుకుని మెట్ల దాకా నడిచి వచ్చింది. కుంటు లేదు. కుదో అది చూసి, బాగా నడుస్తున్నావన్నాడు.

వంటశాలలో మళ్లీ పనికి తీసుకోలేదు, బరువులెత్తకూడదు కదా. ఇప్పుడు ఆమె ఇంట్లోనే ఉంటుంది. ఇల్లు కొండదారి పక్కనే కావడంతో ఎండ కాసిన ఆదివారాల్లో బళ్లు గుంపులు గుంపులుగా పైకి పోతుంటాయి. మొదటి ఏడాది చప్పుడును బట్టి ఏ బండో చెప్పేది. రెండో ఏడాది కిటికీ దాకా వెళ్లేది గానీ పేర్లు తలుచుకునేది కాదు. ఆ తర్వాత ఆదివారాలు ఉతికిన బట్టలు పెరట్లో ఆరేసుకోవడం అలవాటు చేసుకుంది. అక్కడికి చప్పుడు అంతగా వినిపించదు.